బుడగల మీద పందెం

ఇంకో గ్లాసు తాగమంది స్కాన్ గది తలుపు దగ్గర కూర్చున్న నర్సు, ఇంకా నిండలేదమ్మా, ఇలా అయితే బొమ్మ సరిగా రాదు అంది, నీళ్ల డబ్బా వైపు చెయ్యి చూపించి మళ్లీ తన ఫోన్లోకి వెళ్లిపోయింది. నిండకపోవడమేమిటి, పొత్తికడుపులో రాయి పెట్టి కుట్టేసినట్టు ఉంటే. అయినా లేచింది, తాగింది, వచ్చి బల్ల మీద కూర్చుంది, మోకాళ్లు దగ్గరికి లాక్కుని, ఊపిరి కూడా పైపైనే పీలుస్తూ. ఆపుకోవడం ఆమెకి కొత్త కాదు. చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో కాలర్ల మిషను ముందు ఇన్నేళ్లు కూర్చున్నదానికి ఆపుకోవడం రాకపోతే ఇంకేం వస్తుంది. లైను మొత్తానికీ ఒకటే ఎర్రబిళ్ల, సూపర్‌వైజరు బల్ల పక్కన మేకుకి వేలాడుతుంటుంది, అది మెళ్లో వేసుకున్నవాళ్లే బాత్రూముకి వెళ్లాలి, మేకు ఖాళీగా ఉందంటే ఎవరో వెళ్లారన్నమాట, వాళ్లు వచ్చేదాకా తొడలు బిగబట్టుకుని కాలర్లు తిప్పుకుంటూ ఉండాలి. అందుకని లైనులో ఎవరూ నీళ్లు తాగరు. నీళ్లు తాగనివాళ్లకి కంపెనీ టీ పోస్తుంది, ఊరికే, తోపుడు బండి మీద సీటు దగ్గరికే తెచ్చి, లేవాల్సిన పని లేకుండా, గ్లాసు అడుగున పంచదార కరగకుండా మిగిలేంత తీపి టీ, పక్కన క్రీము బిస్కెట్లు. ఎంత దయగల కంపెనీ అనుకునేది మొదట్లో. టీ తాగాక చేతులు కాసేపు పరుగు తీస్తాయి, తర్వాత కళ్లు వాలిపోతాయి, వాలిపోతున్నాయనగా మళ్లీ బండి వస్తుంది. ఆ దయంతా పొర మీద పొరగా ఆమె నడుం చుట్టూ పేరుకుంది, కంపెనీకి మాత్రం కాలర్లు పేరుకున్నాయి.

"ఎన్నో నెల అక్కా?" అంది పక్కన కూర్చున్న నిండుచూలాలు, కబుర్లకి ముఖం వాచిపోయినట్టుంది పాపం.

"నెల కాదమ్మా. బుడగలు."

"ఓ, అవా. మా ఆడపడుచుకీ ఉన్నాయి. ఆవిడ అన్నం మానేసింది, మా అత్తగారు ఆవిడతో మాట్లాడ్డం మానేశారు."

నవ్వితే ప్రమాదం, ఇప్పుడు అసలు నవ్వకూడదు, పెదవి కొరుక్కుంది. బుడగలు. ఎవరు పెట్టారో ఆ పేరు. మొదటిసారి ఈ స్కాన్ గదిలోనే, లోపలి బల్ల మీద పడుకున్నప్పుడు స్కాన్ చేసే ఆయన తెర ఇటు తిప్పి చూపించాడు, బూడిదరంగు మసకలో నల్లటి గుండ్రాలు, అంచు వెంబడి వరసగా, కాలర్ అంచు వెంబడి వేసిన కుట్టులా అనిపించింది ఆమెకి, అంత బుద్ధిగా ఉన్నాయి. ఇవేనండీ, అండాశయంలో నీటిబుడగలు అన్నాడాయన. అంతే, ఆ రోజు నుంచి ఒంట్లో తనతో పాటు ఇంకెవరో కాపురం ఉంటున్నట్టే ఉండేది. నెలసరి నెలల తరబడి రాకపోతే వాటి పని, జుట్టు గుప్పెళ్లుగా ఊడితే వాటి పని, మెడ మడతల్లో నలుపు దిగితే వాటి పని. ఫోన్లో అమ్మకి చెబితే అమ్మ ఒక్క క్షణం ఆలోచించి, నీటిబుడగలంటున్నారు కదే, అయితే నీళ్లు తగ్గించు అంది. తగ్గించింది కూడా. ఉన్నదే రెండు గుక్కలు, అవీ మానేసి, మధ్యాహ్నానికి తల పగిలిపోతుంటే ఇంకో టీ పట్టేది. అమ్మ ప్రేమగానే చెప్పింది, కూతురు ప్రేమగానే విన్నది, ఇద్దరూ కలిసి ప్రేమగా ఒక మూత్రపిండం పాడుచేసేవాళ్లు, డాక్టరమ్మ తల పట్టుకుని, తాగమ్మా, నీళ్లు బాగా తాగు, ఆ బుడగలకీ నువ్వు తాగే నీళ్లకీ ఏ చుట్టరికమూ లేదు అనకపోతే. తాగితే వెళ్లాలి కదా మేడమ్, బిళ్ల ఉండాలి కదా అంటే ఆవిడకి అర్థం కాలేదు, ఏ బిళ్ల, నేను బిళ్లలు రాసిచ్చాను కదా అంది.

కడుపు కింద సలిపింది. కదలకూడదు. గోడ మీద నవ్వుతున్న పసిపాప బొమ్మ, ఎక్కడ చూసినా పాపలే, తల్లి కావాలనుకునేవాళ్లకి తప్ప ఆడదానికి కడుపుతో ఇంకే పనీ లేదన్నట్టు. ఆ పాప గడ్డం ఎంత నున్నగా ఉందో. తన గడ్డం సంగతి మొదట బయటపడింది ఫ్యాక్టరీ బాత్రూములోనే. ఇంట్లో మొగుడి కళ్లబడకుండా పీక్కునే తీరిక ఉండేది కాదు, ఎర్రబిళ్ల మెళ్లో వేసుకుని వెళ్లి, దారాలు తుంచే చిన్న కత్తెర చాటుగా తీసుకుపోయి, పగిలిన అద్దం ముందు గడ్డం ఎత్తి కత్తిరించుకుంటుంటే వెనక తలుపు తోసుకుని కాజాల అక్క వచ్చింది. లైనులో కాజాల మిషను ఆవిడది, చొక్కాలకి బొత్తాం కాజాలు వేస్తుంది, అందరికంటే పెద్దది, ఎవరినైనా ఏదైనా అనే హక్కు తనకి పుట్టుకతో వచ్చిందనుకుంటుంది. అద్దంలో ఇద్దరి కళ్లూ కలిశాయి.

"ఏమే, ఇంకా దారాలు మిగిలాయా?"

ఏడవాలో నవ్వాలో తెలియలేదు, కత్తెర సింకులో పడేసి, ఎవరికీ చెప్పకక్కా అంది. చెప్పడానికేముందే, నాకు పైపెదవి మీద పంట ఉంది, నేను ఇంట్లో కోసుకుంటా, నువ్వు కంపెనీ కత్తెరతో కోస్తున్నావు, అంతేగా తేడా అంది అక్క, అని కత్తెర తీసి, కడిగి, నిలబడు, కుడి పక్కన వదిలేశావు అని తనే కత్తిరించింది. అంత దగ్గరగా ఎవరూ తన గడ్డాన్ని చూడలేదు అప్పటిదాకా. అక్క చేతికి మిషను నూనె వాసన. ఆ వాసన తగిలితే ఇప్పటికీ ధైర్యంగా ఉంటుంది.

ఇంత వెంట్రుక, ఇంత కొవ్వు, ఇంత సిగ్గు, అన్నీ తన తిండిపోతుతనం వల్లే అనుకునేది. నోరు కట్టుకోలేవు అనేది అత్తగారు, నోరు కట్టుకోలేను అని తనకి తాను చెప్పుకునేది. డాక్టరమ్మే అంది, నీ ఒంట్లో ఇన్సులిన్ మాట ఒళ్లు వినడం లేదు, అందుకే ఎంత తిన్నా ఆకలి, ఇది నీ బుద్ధి తప్పు కాదు, పూర్తిగా పోయేదీ కాదు, మందు వాడుతూ తిండీ నడకా సరిచేసుకుంటే చెప్పుచేతల్లో ఉంటుంది. చెప్పుచేతల్లో. ఆ మాట పట్టుకుంది. టీ బండి వస్తే తల తిప్పుకుంది. మొదటి వారం ఆ తల తిప్పడానికి మెడనరాలు లాగాయి, బండి చక్రం చప్పుడికి నోరూరేది, బిస్కెట్లు కలలోకి వచ్చేవి, కాలర్లు తలకిందులుగా కుట్టి తిట్లు తింది. గిన్నెలో అన్నం సగానికి దించి మిగతా సగంలో ఆకుకూరా, పప్పూ, ఉడకబెట్టిన గుడ్డూ పెట్టుకుంది. వ్యాను నడిపే మొగుడు కంచంలోకి తొంగి చూసి, ఇది మనుషులు తినేదా, గుర్రానికి తెచ్చావా అన్నాడు. గుర్రం ఎంత చక్కగా ఉంటుందో చూశావా, నీ పొట్ట చూసుకో అంది. అతను చూసుకున్నాడు, మర్నాటి నుంచి తనకీ అదే పెట్టమన్నాడు. వ్యాను సీటు కింద బిస్కెట్లు దాచుకున్నాడని తర్వాత తెలిసింది, తెలిసినా ఊరుకుంది, అందరి యుద్ధమూ తనొక్కతే చెయ్యలేదు.

నడకకే చోటు లేదు. తెల్లారకముందే వంట, చీకటిపడ్డాక గిన్నెలు, మధ్యలో అంతా మిషనే. భోజనాల వేళ అందరూ గబగబా మింగేసి మిషను బల్లల మీద తల వాల్చేస్తారు, హాలంతా మెడలు తెగినట్టు పడి ఉంటుంది. ఆ వేళే లేచి, గోడౌను చుట్టూ తిరిగింది ఒక్కతే, లారీలు నిలబడే చోట, గోడ వెంబడి, కాపలావాడు ఏం పోగొట్టుకున్నావమ్మా అని అడిగాడు. కొన్ని కిలోలు పోగొట్టుకోవాలి అంది. కొన్నాళ్లకి కాజాల అక్క వెనక వచ్చింది, నీ బుడగల కోసం కాదే, నా మోకాళ్ల కోసం అని ముందే తేల్చి చెప్పింది. తర్వాత చేతుల మడతలు కుట్టే పిల్ల, పెళ్లి కావలసినది, రెండు రోజులు మాట్లాడకుండా పక్కన నడిచి, మూడో రోజు గోడౌను మలుపు దగ్గర, అక్కా నాకూ రావడం లేదు, ఇంట్లో చెప్పలేదు, ఏదో చేశాననుకుంటారు అంది. తర్వాత ఇస్త్రీ బల్ల దగ్గరి ఆమె. తర్వాత ప్యాకింగు నుంచి ఇద్దరు. ఒక్కొక్కరూ మలుపు దాకా ఆగి, ఎవరూ వినడం లేదని చూసుకుని, నాకూ అన్నారు. ఇన్నేళ్లు మోచెయ్యి మోచెయ్యి తగిలేలా కూర్చుని ఎవరి ఒళ్లు వాళ్లే తిట్టుకున్నారు. ఆ రోజు ఆమెకి వచ్చిన కోపం ఇంకా చల్లారలేదు. కుర్చీకి కట్టేసి, నీళ్లు ఆపి, పంచదార పోసి, ఆ పైన ఆడవాళ్లు ఒళ్లు పెంచుతున్నారని సూపర్‌వైజరు జోకులు.

తర్వాత వచ్చింది. మిషను మీద ఉండగానే, మధ్యాహ్నం పూట, నడుం కింద ఆ పాత నొప్పి, గుర్తుపట్టడానికే కాసేపు పట్టింది, ఎంతకాలమైందో. మాత్ర వేసుకుని రప్పించింది కాదు, దానంతట అదే. ఎర్రబిళ్ల లాక్కుని పరుగెత్తింది, తిరిగి వస్తూ కాజాల అక్క చెవిలో, వచ్చింది అంది, అక్క మిషను ఆపేసి, ఏమే, ఈ కబురు ఇంత సంతోషంగా చెప్పినదాన్ని నిన్నే చూశాను అంది. మళ్లీ నెలకి వచ్చింది, ఆ పై నెలకీ వచ్చింది. ప్యాంటు నడుం పట్టీ విప్పి లోపలికి కుట్టుకుంది, విప్పిన చోట పాత కుట్టు గుర్తు వేలికి తగులుతుంటే మళ్లీ మళ్లీ తడుముకుంది. కాలు నేల మీద నిలవలేదు. గెలిచాననుకుంది. ఆ పొగరులో ఉండగానే ఆ మాట నోరుజారింది.

లోపలికి పిలిచారు ఎవరినో. నిండుచూలాలు లేచి, వస్తానక్కా, మీ బుడగలు జాగ్రత్త అని వెళ్లింది. బల్ల ఖాళీ అయింది, తనొక్కతే. ఆ మాట. లారీలు తిరిగే చోట ఆడవాళ్ల ఊరేగింపేమిటి, రేపటి నుంచి బంద్ అన్నాడు సూపర్‌వైజరు లైనందరి ముందు, నడిస్తే పోయే రోగానికి డాక్టర్లెందుకమ్మా అని వెటకారం కూడా. ఆమె లేచి నిలబడింది. పోతాయి సార్, వచ్చే స్కానులో ఒక్క బుడగ కనిపించినా మేమెవ్వరం మళ్లీ గోడౌను చుట్టూ తిరగం, కనిపించకపోతే మీరు అడ్డు రాకూడదు అంది. చప్పట్లు మోగాయి. సూపర్‌వైజరు నవ్వాడు, సరే, రిపోర్టు తెచ్చి చూపించు అన్నాడు. మేమెవ్వరం అంది. తన కడుపులో ఉన్నవాటి మీద పదిమంది కాళ్లు పందెం పెట్టింది. ఎవరిచ్చారు ఆ కాళ్లు ఆమెకి? అక్క మోకాళ్లు తనవా, ఆ పిల్ల భయం తనదా?

ఇంకా సిగ్గుచేటు ఏమిటంటే ఈ స్కాను ఎవరూ చేయించుకోమనలేదు. మొన్న రక్తపరీక్ష కాగితాలు చూసి డాక్టరమ్మ ముఖం విప్పారింది, షుగరు దిగింది, నెలసరి దారిలో పడింది, ఇంకేం కావాలి అంది. స్కాను రాయండి మేడమ్ అంటే, ఎందుకమ్మా, అవి అసలు బుడగలే కావు, ఎదగకుండా ఆగిపోయిన అండాల గూళ్లు, నెలసరి చక్కబడ్డాక కూడా అలాగే కనిపిస్తాయి చాలామందికి, వాటితో మనకి పేచీ లేదు అని చెప్పింది. చెప్పింది, ఆమె చెవిన పడింది, తలకెక్కలేదు, ఒక్కసారి చూద్దాం మేడమ్ అని పట్టుబట్టి రాయించుకుంది. నొప్పి బుద్ధి నేర్పుతుందంటే ఏమో అనుకుంది గానీ, ఈ బల్ల మీద ఇలా ఉబ్బిపోయి కూర్చున్నాకే ఆ మాటలు ఒక్కొక్కటీ లోపలికి దిగుతున్నాయి. షుగరు మీద కాయొచ్చు పందెం, నెలసరి మీద కాయొచ్చు, మెట్లెక్కితే ఆయాసం రావడం లేదు, దాని మీద కాయొచ్చు. అన్నీ గెలిచినవే. ఓడిపోయేదాన్ని ఏరికోరి పట్టుకుంది, కంటికి కనిపించింది కదా అని.

పోయాయని చెప్పేస్తే? రిపోర్టులో ఇంగ్లీషు ముక్కలు సూపర్‌వైజరుకి మాత్రం ఏం అర్థమవుతాయి. అందరూ సంతోషిస్తారు, నడక నిలబడుతుంది, ఎవరికీ నష్టం లేదు. ఆ ఆలోచన హాయిగా ఉంది, మెత్తటి కుర్చీలా ఉంది, అందులో కాసేపు కూర్చుంది. తర్వాత ఆ చేతుల మడతల పిల్ల ఇలాంటి బల్ల మీదే కూర్చున్నట్టు కళ్ల ముందు మెదిలింది. కొన్నాళ్లకి అదీ స్కానుకి వస్తుంది. తెర మీద గుండ్రాలు అలాగే ఉంటాయి. అక్కకి పోయాయి, నాకు పోలేదు, నేనే సరిగా నడవలేదు, నేనే దొంగచాటుగా తిన్నాను అనుకుంటుంది. మళ్లీ తన ఒంటినే తిట్టుకుంటుంది. వద్దు. ఇంకొకళ్ల నెత్తిన ఆ తిట్టు పెట్టడానికి కాదు తను లేచి నిలబడింది.

నర్సు పిలిచింది. నడవడమంటే నడక కాదది, అంగుళం అంగుళం జరగడం. బల్లెక్కి పడుకుంటే చల్లటి జిగురు పోసి, సరిగ్గా ఎక్కడ వద్దో అక్కడే నొక్కాడు స్కాన్ చేసే ఆయన, ఆమె పళ్లు బిగబట్టి పైకప్పు వైపు చూసింది. మీటల చప్పుడు. ఎడమ పక్క. కుడి పక్క.

"ఉన్నాయండీ. పాత రిపోర్టులో ఉన్నట్టే ఉన్నాయి."

"ఇటు తిప్పండి, చూస్తాను."

తిప్పాడు. అవే గుండ్రాలు, అదే వరస. ఉండండి, మీ చోటు మీది, నా దారిన నన్ను పోనివ్వండి అనుకుంది, అంతే. జిగురు తుడుచుకుని, బాత్రూములోకి వెళ్లి గడియ పెట్టుకుంది. మెళ్లో ఏ బిళ్లా లేదు, బయట వంతు కోసం చూసేవాళ్లూ లేరు. చాలాసేపు కూర్చుంది.

ఆసుపత్రి మెట్ల మీదికి వచ్చేసరికి ఫోను మోగింది. ఫ్యాక్టరీలో భోజనాల వేళ అది.

"ఏమే, పోయాయా?" అంది కాజాల అక్క.

"పోలేదక్కా. ఉన్నవన్నీ ఉన్నాయి."

అటు నుంచి గాలి హోరు, ఎక్కడో లారీ హారను.

"అవి ఉన్నా పరవాలేదని డాక్టరమ్మ ముందే చెప్పింది, నేనే వినలేదు. పందెం నేను కాశాను, నేనే ఓడిపోయాను. రేపు లైనందరి ముందు చెప్తాను, రిపోర్టు కూడా చూపిస్తాను. చూపించి, మాట వెనక్కి తీసుకుంటున్నా సార్, నడక మానను అంటాను. మాట మీద నిలబడనిదని ఎంతైనా అనుకోనీ. మీ కాళ్ల సంగతి మీరే తేల్చుకోండి, మీ తరఫున మాటివ్వడం నాదే తెలివితక్కువ."

"అది నిజమే," అంది అక్క. రొప్పుతోంది.

"ఎక్కడున్నావు, అలా ఊపిరాడనట్టు మాట్లాడుతున్నావు?"

"ఎక్కడుంటానే, గోడౌను వెనక మలుపు తిరుగుతున్నా. అందరం ఉన్నాం. పొద్దున్న సూపర్‌వైజరు మళ్లీ బంద్ అన్నాడు, కాలర్ అమ్మాయి వచ్చేదాకా ఆగండి, రిపోర్టు చూద్దాం అన్నాడు. దాని కడుపులో ఏముందో చూసి నా మోకాళ్లు లేపాలా సార్ అని లేచి వచ్చేశాను. వీళ్లూ లేచారు." ఎవరితోనో ఏదో అంది, మళ్లీ ఫోన్లోకి వచ్చింది. "ఈ పిల్ల అడుగుతోంది, అవి అలాగే ఉన్నా నెలసరి వస్తుందా అని."

"వస్తుందని చెప్పు. నాకు వస్తోంది కదా. ఫోను దానికియ్యి, నేనే చెప్తాను."

ఫోను చేతులు మారిన చప్పుడు, ఆ వెనకే చాలా జతల చెప్పుల చప్పుడు, ఎవరూ ఆగలేదు. ఆమె మెట్లు దిగి, బస్సు స్టాపు దాటేసి, చెవికి ఫోను ఆనించుకుని ఆ పిల్లకి చెప్పుకుంటూ నడిచిపోయింది.